ఎండు సరుకు మాత్రమే

1984లో చీరాలలో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియర్‌గా ఉండేవాణ్ణి. జూనియర్ అంటే కోటు మనది, కేసు ఆయనది. తప్పు జరిగితే మళ్ళీ మనది.

మా క్లయింటు సుబ్బరామయ్య మాస్టారు, ఆయనతోపాటు రిటైరైన మరో నలుగురు టీచర్లు డబ్బు కలిపి బజారులో షాపుల కాంప్లెక్స్ కట్టారు. రేపు వారసులు గోడలు పంచుకోకుండా దాన్ని ఒక ట్రస్టు కింద పెట్టారు. ట్రస్టు అంటే బిల్డింగ్ అందరిదీ, అద్దె అందరికీ. పైకప్పు కారితే మాత్రం ట్రస్టీది. ఆ ట్రస్టీ మాస్టారు.

వెనకవైపు గోడౌన్‌లో మొదట దిగిన ఐసు వ్యాపారి గోడలకు చెమ్మ పట్టించి పోయాడు. అందుకని రెండో లీజ్ డీడ్, అంటే అద్దె ఒప్పందం, రాసేటప్పుడు మాస్టారు గట్టిగా చెప్పారు.

"తడి సరుకు వద్దు నాయనా."

నేను బాగా ఆలోచించి రాశాను: "ఎండు సరుకు మాత్రమే నిల్వ చేయవలెను."

మస్తాన్ గారు అనే వ్యాపారి సంతకం పెట్టారు. మర్నాడు వాడరేవు నుంచి లారీ వచ్చింది. ఎండుచేపలు.

గోడౌన్‌కి ముందు ఉన్నది బట్టల కొట్టు. వారం తిరక్కుండా ఆ కొట్టాయన మాస్టారి దగ్గరకు వచ్చాడు. "పెళ్ళివారు పట్టుచీర విప్పి, వాసన చూసి, ఇది ఏ రేవులో నేశారని అడిగి వెళ్ళిపోయారండి. నెలాఖరుకి నేనూ వెళ్ళిపోతాను."

కాంప్లెక్స్‌లో పెద్ద అద్దె ఆయనదే. మాస్టారు మా ఆఫీసుకొచ్చి, "ఐదిళ్ళ పొయ్యి దాని మీదే వెలుగుతోంది నాయనా" అన్నారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు.

మా ప్లీడరు గారు డీడ్ చదివారు. "ఏరా, కోర్టుకెళితే ఈ చేపలన్నీ అవతలి పక్షం సాక్షులే. అదీగాక తీర్పు వినడానికి ఐదుగురు మాస్టర్లలో ఎందరు మిగులుతారో."

చేసేది లేక గోడౌన్‌కి వెళ్ళాను. మస్తాన్ గారు టీ తెప్పించారు.

"ఈ సరుకు గురించండీ..."

"ఎండుదేనండి. మీరే రాశారుగా."

"నేను పప్పులు, బెల్లం అనుకుని రాశానండి."

"పప్పులని రాస్తే నేను అప్పుడే వేరే చోటు చూసుకునేవాణ్ణి కదండీ."

చేతికందిన చేపనొకదాన్ని తీశాను. విరగాల్సింది వంగింది. అసలే ముసురు రోజులు, పైగా ఐసు వ్యాపారి వదిలిపోయిన చెమ్మ.

"ఇది వంగుతోందండి" అన్నాను.

ఆయన నిట్టూర్చారు. "నాలుగు రోజులుగా చూస్తున్నానండి. బూజు కూడా మొదలైంది. ఏడాదికని సంతకం పెట్టి మధ్యలో పోతే మాట పోతుందని ఊరుకున్నా."

ప్రాణం లేచొచ్చింది. ముఖం మాత్రం ప్లీడరు లాగే పెట్టాను. "వంగే సరుకు ఎండు సరుకు కాదండి. ఒప్పందం ప్రకారం మీరు ఖాళీ చేయాలి."

"చేయకపోతే?"

"చేపలు పోతాయండి."

ఆయన పకపకా నవ్వారు. మూడో రోజుకి సరుకు వాడరేవు దారిలో గాలి ఆడే షెడ్డుకు చేరింది. మాస్టారు అడ్వాన్సు తిరిగిచ్చి, గోడలకు రెండుసార్లు సున్నం కొట్టించారు. బట్టల కొట్టు కదల్లేదు.

అప్పటినుంచి లీజులో సరుకు పేరు పెట్టి రాస్తున్నాను. ఇంకో సంగతీ తెలిసింది. మనిషిని ఖాళీ చేయించడానికి వెళ్ళేముందు, ఆయనకే ఖాళీ చేయాలని ఉందేమో ఒకసారి అడగాలి. లా కాలేజీలో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.