మెరుపు ఆరిన గాజు పలక

జిడ్డు కడిగే పిరిడిన్ ద్రావకం సీసా మూత తీస్తే కుళ్లిన చేపల కంపు గుప్పుమంటుంది. మా ప్రయోగశాల పిల్లలు "అబ్బా మేడమ్!" అంటూ ముక్కులు మూసుకుంటారు. నాకు మాత్రం రహీం సార్ గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది.

తొంభైల చివర, షాద్‌నగర్ దగ్గరి ఓ చిన్న పరిశోధనశాలలో ఆయన మా పెద్ద. పాలమూరు మనిషి. క్వాంటం డాట్లనే అతి సూక్ష్మమైన అర్ధవాహక రేణువులను కరెంటు పారే ప్లాస్టిక్‌లో కలిపి, గాజు పలక మీద పూసి, ఎండ నుంచి కరెంటు తీయాలి. అదీ మా పని. నేను పోచంపల్లి మగ్గాల ఇంటి పిల్లను, రంగంటే పిచ్చి. నేను చేసిన రేణువులు దీపం కింద నారింజ రంగులో ధగధగలాడేవి. కరెంటు కొలిచే మీటరు ముల్లు మాత్రం కదిలేది కాదు. ఎండాకాలంలోగా కదలకపోతే పని మూసేస్తామన్నారు యజమానులు. "ఇంటికొచ్చి మగ్గం గుంటల కూసో" అన్నాడు మా బాపు.

"ఎంత మంచిగ మెరుస్తున్నయో చూడండి సార్!" అన్నాను ఓ రోజు.

"గదే నా ఫికర్. తిన్న వెలుగంత మళ్ల బయటికే ఉమ్ముతాంది. పక్కనున్న ప్లాస్టిక్‌కు ఏమిస్తాంది?"

రేణువులు ముద్దకట్టకుండా వాటి చుట్టూ జిడ్డు పొర ఉంటుంది. కడిగితే మెరుపు పోతుందని నేను దాని జోలికే పోలేదు.

"పట్టుకు రంగేసే ముందు మీ ఇంట్ల ఏం చేస్తరు?" అడిగారు సార్.

"ఉడకబెట్టి జిగురు తీస్తం. లేకుంటే రంగు పట్టది సార్." అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆయన పిరిడిన్ సీసా నా ముందుకు జరిపారు. "జర ముక్కు మూసుకొని కడుగు బిడ్డా."

కడిగి, ప్లాస్టిక్‌తో కలిపి పూసి, దీపం కింద పెట్టాను. మెరుపు చచ్చిపోయింది. "పాడుచేసిన సార్" అని ఏడ్చేశాను.

"ఏడ్చుడు తర్వాత. ముందుగాల అల్యూమినియం పూతేసి తీగలు కలుపు."

ముల్లు కదిలింది! ఇసుమంతే, కానీ కదిలింది. సార్ పకపకా నవ్వి, మా పక్కింటి ఫోనుకు చేసి బాపును పిలిపించారు. "అన్నా, నీ బిడ్డ ఇప్పట్ల రాదు. మగ్గం మీద ఇంకెవర్నన్న కూసోబెట్టుకో."

సార్ ఇప్పుడు లేరు. ఈ బతుకు ఆయన పెట్టిన భిక్షే. నిన్న ఓ అమ్మాయి ధగధగలాడే సీసా పట్టుకుని సంబరంగా వచ్చింది. "మెరుస్తాంది సరే, పక్కదానికి ఏమిస్తాంది?" అన్నాను. పాపం, ముఖం చిన్నబోయింది. పిరిడిన్ సీసా ఆమె ముందుకు జరిపాను.

"జర ముక్కు మూసుకో బిడ్డా."