నిలబడి గాలి కొట్టే పంపు

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. మా ఇంట్లో కాలు మా అమ్మాయిది, నోరు నాది. డిగ్రీ చదువుతున్న పిల్ల, పొద్దున లేవగానే పుస్తకం పట్టాల్సింది పోయి సైకిలు పడుతుంది. తాండూరు దాటి వికారాబాద్ రోడ్డు మీద పోయి, ఎండ ముదరకముందే తిరిగొస్తుంది. ఎప్పటికైనా అనంతగిరి గుట్ట ఎక్కి దిగాలని దాని కోరిక. అది పోయి వచ్చేదాకా నా ప్రాణం ఎక్కడ ఉంటుందో నాకే తెలియదు. మా ఆయనది కందుల వ్యాపారం. ఆయన కాంటా చూసుకుంటాడు, నేను గేటు చూసుకుంటాను.

లారీలకు భయపడుతున్నానని ఇంట్లో అందరూ అనుకునేవాళ్లు. కరణ్‌కోట నుంచి వచ్చే సిమెంటు లారీలను, నాపరాళ్ల లారీలను చూస్తే ఎవరికైనా భయమే. కానీ ఆ భయం పక్కింటావిడతో కూడా చెప్పుకోవచ్చు. నేను ఎవరితోనూ అనలేనిది ఇంకొకటి ఉండేది. టైరులో గాలి పోతుంది. పిల్ల రోడ్డు పక్కన ఆగుతుంది. చుట్టూ కంది చేలు, కనుచూపు మేరలో మనిషి ఉండడు. ఎవడో బండి ఆపుతాడు. అక్కడి నుంచి ముందుకు నా ఆలోచనను నేనే పోనిచ్చేదాన్ని కాదు. పేపరు తెరిస్తే చాలు, మిగతాది వాళ్లే రాసి పెడతారు కదా. సైకిలు కదులుతున్నంతసేపు నా బిడ్డ ఎవరికీ అందదని నా నమ్మకం. అందుకే తెగేసి చెప్పాను, వెంట తీసుకుపోయే గాలి పంపు కొనేదాకా ఊరి పొలిమేర దాటేది లేదని.

తాండూరులో సైకిలు షాపాయన కాళ్లతో తొక్కిపట్టి రెండు చేతులతో కొట్టే పొడుగాటి ఇనప పంపు చూపించాడు. దాన్ని వీపుకు కట్టుకుని పోవాలా అని అడిగితే, వికారాబాద్ పోయి చూడండమ్మా అన్నాడు. ఇద్దరం రైలెక్కి పోయాం.

అక్కడి కొట్టులో మూడు రకాలు బయటపెట్టారు. జానెడు చేతి పంపు, ఒక్కసారికే పనికొచ్చే గ్యాసు డబ్బీ, చార్జింగు పెట్టుకునే చిన్న పంపు. మా అమ్మాయికి చేతి పంపు నచ్చింది. తేలిక, చెడిపోయేదేమీ లేదు, సైకిలు కడ్డీకే బిగించుకోవచ్చు. సరే, కొట్టి చూపించమన్నాను. కొట్టు ముందు రోడ్డు మీద, ఒక టైరులో గాలి తీయించి మరీ. అది కిందికి వంగి, జుట్టు ముఖం మీద పడుతుంటే కొడుతూనే ఉంది. నేను దాని వెనక నిలబడి రోడ్డును చూశాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. బండి మీద పోతున్నవాడు మెడ తిప్పి చూశాడు. నా బిడ్డకు ఇవేవీ కనిపించడం లేదు, దాని కళ్లు టైరు మీదే ఉన్నాయి. 

అది వద్దన్నాను. గ్యాసు డబ్బీ కూడా వద్దన్నాను, ఒకసారి గురి తప్పితే రెండోసారికి ఏముంటుంది? చార్జింగు పంపు గొట్టం చివర ఇత్తడి మూతి ఉంటుంది. దాన్ని ట్యూబు వాల్వుకు తిప్పి బిగించి మీట నొక్కితే అదే గాలి నింపుతుంది. మనిషి నిటారుగా నిలబడి నాలుగు దిక్కులూ చూడొచ్చు. షాపాయన గాలి ఎంత పడుతుందో చెబుతుంటే, ఆ చప్పుడు ఎవడి చెవిన పడుతుందోనని, శబ్దం ఎంత దూరం వినిపిస్తుందని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. మా అమ్మాయి మాత్రం నవ్వాపుకోలేకపోయింది.

"అమ్మా, పంపు కొంటున్నవా, తుపాకి కొంటున్నవా?"

నవ్వితే నవ్వింది. నేను మాత్రం ఆ పంపును కంటికి రెప్పలా చూసుకున్నాను. సాయంత్రం కాగానే ఫోనుతో పాటు దానికీ చార్జింగు పెట్టేదాన్ని. పిల్ల బయల్దేరే ముందు పాఠం చెప్పేదాన్ని. టైరు పోతే ముందు ఫోను చెయ్యి, ఎవరైనా ఆగితే మాట కలపకు, బండి దిగారంటే సైకిలు వదిలేసి ఉరుకు. అది అలవాటుగా తలూపి పోయేది. మా ఆయన, దానికి లేని భయం ఎక్కించకు అని ఒకటి రెండుసార్లు అన్నాడు. మీకేం తెలుసని కసిరాను.

దసరా వచ్చింది. వ్యాపారం చేసే ఇళ్లలో ఆ రోజు బతుకుదెరువుకు పనికొచ్చే ప్రతిదానికీ పూజ. కాంటాకు, తూకం రాళ్లకు, సంచులు కుట్టే మిషనుకు, స్కూటీకి పసుపు పెట్టి, కుంకుమ అద్ది, దండం పెట్టుకుంటాం. పంపును కూడా దేవుడి ముందు పెట్టాను. నా దృష్టిలో ఇంట్లో అన్నిటికంటే దానికే ఎక్కువ పూజ జరగాలి. మిగతా భాగాలకు పూజ చేస్తే ఏం లాభం, గాలి వచ్చేది మూతిలోంచే కదా అని, ఆ ఇత్తడి మూతికే చిక్కగా తడిపిన పసుపు నిండుగా పెట్టి, పైన కుంకుమ అద్దాను. నా బిడ్డను చల్లగా చూడు తల్లీ అని మొక్కాను.

మర్నాడు పొద్దున అది సైకిలు తీసింది. మా ఆయన షాపుకు పోయాడు. నేను పప్పులో పోపు పెడుతుండగా ఫోను మోగింది.

"అమ్మా, గాలి పోయింది. పంపు మూతి బిగుస్తలేదు. జర చూస్త, ఫికర్ చెయ్యకు."

ఎక్కడున్నావంటే, పెద్ద కల్వర్టు దాటినాక అంది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, ఎత్తలేదు. పొయ్యి ఆర్పానో లేదో గుర్తు లేదు. స్కూటీ తీసి రోడ్డెక్కాను. లారీలు నన్ను రాసుకుంటూ పోతుంటే వాటిని చూసి భయపడే తీరిక కూడా లేకపోయింది. దారిలో కనిపించిన దేవుళ్లందరికీ మొక్కాను, కనిపించని వాళ్లకూ మొక్కాను.

కల్వర్టు దాటాక సైకిలు కనిపించింది. రోడ్డుకు దూరంగా జరిపి, స్టాండు వేసి ఉంది. పిల్ల లేదు. మళ్లీ ఫోను చేశాను. సైకిలుకు తగిలించిన సంచిలోంచే మోగింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. దాని పేరు పెట్టి కేకలు వేశాను. అటు చేను, ఇటు చేను, కంది మొక్కలు నా తలదాకా ఉన్నాయి. కాసేపటికి ఒకచోట మొక్కలు కదిలాయి. ముందు దాని చేయి కనిపించింది, తర్వాత ముఖం. ఒళ్లంతా మట్టి. బయటికి రాలేదు, అక్కడే నిలబడి నా వెనక రోడ్డును చూస్తోంది.

"ఒక్కదానివే వచ్చినవా? ఇంకెవ్వల్లేరు కదా?" అని అడిగింది.

బండి మీద ఇద్దరు ఆగారట. ఏమైంది బిడ్డా అని అడిగారట. ఒకతను దిగి దగ్గరికి వచ్చాడు. దీని కాళ్లు ఎప్పుడు పరుగందుకున్నాయో దానికే తెలియదట. చేలో పడుకుని నోరు మూసుకుంది. భయపడకు బిడ్డా, పోతున్నం, అని వాళ్లు కేకేసి చెప్పి, సైకిలును పక్కకు జరిపి పోయారట. మంచివాళ్లేనేమో. కరణ్‌కోట డ్యూటీ దిగి వస్తున్నవాళ్లేమో. నాకు ఈనాటికీ తెలియదు.

పంపు నేల మీద పడి ఉంది. చేతిలోకి తీసుకుని చూశాను. ఇత్తడి మూతిలో పసుపు ఎండి రాయిలా గట్టిపడింది. పిల్ల తలపిన్నుతో గీకిన గీతలు కూడా ఉన్నాయి. దానికి అర్థమయ్యే ఉంటుంది, కానీ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా ఆయన ఆటో ట్రాలీ పంపితే సైకిలు ఇల్లు చేరింది. దాన్ని అమ్మేయమని పిల్ల ఆ రోజే చెప్పింది. నేను ఎన్ని నెలలుగానో కోరుకుంటున్న మాట అది. వీధంతా మిఠాయి పంచాల్సింది. పొద్దున్నే అది నా పక్కనే మంచంలో పడుకుని ఉంటే హాయిగా ఉండాల్సింది. నాలుగు రోజులు అలాగే అనుకున్నాను కూడా.

తర్వాత ఒక మధ్యాహ్నం పెరుగు పాకెట్ తెమ్మంటే, నువ్వు కూడా రా అమ్మా అంది. షాపు మా సందు చివరే. పట్టపగలు. తోడు పోయాను. వెనక బండి చప్పుడైతే నా చేయి పట్టుకుంది. దాని అరచేయి చెమటతో తడిసి ఉంది. నా అరచేయి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఇంటికొచ్చి స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. గాలి పంపని పేరు పెట్టి, పాఠమని పేరు పెట్టి, నేను దానికి ఏమి ఇస్తూ వచ్చానో అప్పుడు తెలిసింది.

సూదితో, పాత పళ్ల బ్రష్షుతో ఆ మూతిని శుభ్రంగా కడిగాను. టైరులో దిగిన తుమ్మ ముల్లు తీయించి పంక్చరు వేయించాను. మర్నాడు పొద్దున నేనే మూతి బిగించి, మీట నొక్కి, గాలి నింపాను. తర్వాత పిల్లను లేపాను.

"లే బిడ్డా, సైకిలు తియ్."

నా ముఖం కేసి చాలాసేపు చూసింది. "నువ్వు ఎన్క స్కూటీ మీద వస్తవా?"

"రాను."

"మరి నీకు భయం కాదా?"

"అయితది. మస్తు అయితది. గా భయం నాది, నేను పడ్త. నీకెందుకు? పో."

అది లేచింది. ముఖం కడుక్కుని, పంపు సంచిలో వేసుకుని, గేటు దగ్గర ఒకసారి ఆగింది. వెనక్కి తిరుగుతుందేమో, రమ్మంటుందేమో అనుకున్నాను. రమ్మంటే పోయేదాన్నే. అది పెడలు మీద కాలు పెట్టి తొక్కుకుంటూ సందు మలుపు తిరిగింది.  గేటు పట్టుకుని నిలబడ్డాను, స్కూటీ తాళం కోసం లోపలికి మాత్రం పోలేదు.