డబ్బాలో మిగిలిన నీళ్ళు

మా అక్క మొగుడికి, అంటే మా బావకి, మెకానిక్కులంటే నమ్మకం లేదు. నేపర్‌విల్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా శనివారాలు పిల్లల్ని టెన్నిస్‌కీ, డాన్స్ క్లాసులకీ తిప్పుతుంటే, బావ మాత్రం ఒక సెకండ్‌హ్యాండ్ బోటు కొని దాని ఇంజిన్‌లో తల దూర్చి కూర్చునేవాడు.

ఏటా చలి ముదరకముందే ఆ ఇంజిన్‌ని శీతాకాలానికి సిద్ధం చేసేవాళ్ళం. బావ పని చేసేవాడు, నేను ఫ్లాష్‌లైట్ పట్టుకుని తిట్లు తినేవాణ్ణి. ఇంజిన్ పక్కన చెయ్యి దూరని మూలలో ఒక డబ్బా ఉంటుంది. పెట్రోలు వేడెక్కకుండా చెరువు నీళ్ళు దానిగుండా తిరుగుతాయి. ఆ నీళ్ళు తీసెయ్యకపోతే చలికి గడ్డకట్టి డబ్బాని పగలగొడతాయి. అడుగున బిరడా తీస్తే కాసేపు కారి ఆగిపోతాయి. నేను హమ్మయ్య అనుకునేలోపు బావ మొదలెట్టేవాడు.

"ఆగితే అయిపోయినట్టేనా బామ్మర్దీ? ఇసక అడ్డం పడుంటుంది." ఆ వెంటనే ఇంట్లోకి కేక. "ఏమేవ్, నీ తలపిన్నొకటి ఇవ్వు!"

"గరాజ్ నిండా టూల్సున్నాయి, నా పిన్నే దొరికిందా మీకు?" అని సణుగుతూ అక్క వచ్చేది. జడలోంచి పిన్ను తీసి, పంటితో విప్పి ఇచ్చేది. బావ దాన్ని సాగదీసి ఆ రంధ్రంలో పొడిచేవాడు. ఇసకతోపాటు మిగిలిన నీళ్ళు బొళుక్కున వచ్చేవి. ఆ తర్వాత పిన్నుని ఆవిడ చేతిలో ఏదో బంగారు నగలా పెట్టేవాడు. "ఛీ, పెట్రోలు కంపు!" అని అక్క దాన్ని చెత్తబుట్టలో పడేసేది. ప్రతి ఏడూ ఇదే తంతు, ప్రతి ఏడూ నాకు నవ్వే.

మొన్న వేసవిలో బావ పోయాడు. ఆఫీసులో, మీటింగ్ మధ్యలో, గుండె ఆగి.

అస్థికలు బావ బోటు నడిపే చెరువులోనే కలపాలని అక్క పట్టుబట్టింది. పంతులుగారు పారే నీళ్ళయితే మంచిదన్నారు. ఈ చెరువులోంచి నది వెళ్తుందని ఫోన్లో మ్యాప్ చూపించి నేనే ఒప్పించాను. బావ బోటులోనే వెళ్ళి, బావని కలిపి వచ్చాం. ఆ తర్వాత బోటుని మళ్ళీ నీళ్ళలోకి దించలేదు. అది అక్క ఇంటి ముందు ట్రైలర్ బండి మీదే ఉండిపోయింది.

చెట్లు ఆకులు రాల్చేశాక ఒక మధ్యాహ్నం ఆ డబ్బాలో నీళ్ళు తీసేద్దామని రెంచీలు పట్టుకుని వెళ్ళాను. అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"దాన్ని ముట్టుకోకురా. అందులో ఉన్నవి ఆ రోజు నీళ్ళు."

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, ఓదార్చాల్సింది పోయి కోపం తెచ్చుకున్నాను. నా స్వభావం అంతే.

"బావ అంత పెద్ద చెరువులో కలిశాడక్కా! ఆ డబ్బాలో గ్లాసుడు నీళ్ళు కూడా ఉండవు."

"ఆ గ్లాసుడే ఉండనీ."

"ఫ్రీజ్ అయితే క్రాక్ అయిపోతుంది!"

"అయితే అవనీ."

కారెక్కి తలుపు వేసుకున్నాక ఏడ్చాను. ఆవిడకి ఆ నీళ్ళు కావాలి. నాకేమో బావ అన్నేళ్ళు చంటిపిల్లలా సాకిన ఆ ఇంజిన్ కావాలి. రెండూ కలిసి నిలవవు. ఆవిడ మాట కాదని బిరడా తీసే హక్కు నాకు లేదు.

గడ్డకట్టే చలి వస్తోందని ఫోన్లో హెచ్చరిక వచ్చిన రోజు అక్కే పిలిచింది. వెళ్ళేసరికి బావ జాకెట్ వేసుకుని బోటులో కూర్చుని ఉంది.

"తియ్యి," అంది. "ఇంజిన్ పాడైతే మీ బావ నన్నేమీ అనరు. ముఖం మాత్రం మాడ్చుకుంటారు. నేనది చూడలేను."

బిరడా తీశాను. అక్క వంగి కింద దోసిలి పట్టింది. చల్లని నీళ్ళు దోసిలి నిండి వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. ఆవిడ ఏడుస్తోంది. నేను ఆ చేతుల మీద వెలుతురు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ధార ఆగింది.

పిన్ను సంగతి నాకు గుర్తుంది. అడగడానికి నోరు రాలేదు. ఏడాదికో పిన్ను అడిగిన మనిషి ఇక అడగడు, బావ మాట నేనెలా అనను? పగిలితే పగలనీ అనుకుని బిరడా బిగించబోయాను.

"ఆగరా, ఇంకా ఉన్నాయి," అంది అక్క.

జడలోంచి పిన్ను తీసి పంటితో విప్పింది. దాన్ని నా చేతికివ్వలేదు. తనే సాగదీసి, ఆ ఇరుకులోకి చెయ్యి దూర్చి రంధ్రంలో పొడిచింది. ఇసక వచ్చింది. వెనకాలే మిగిలిన నీళ్ళు బొళుక్కున వచ్చి, పూర్తిగా అయిపోయాయి.

నేను బిరడా బిగించాను. అక్క తడిపిన్నుని వేళ్ళతో మళ్ళీ వంచి, తుడవకుండానే జడలో పెట్టుకుంది.

"పెట్రోలు కంపు కొడుతుందక్కా," అన్నాను.

"కొట్టనీ," అంది.