మాత్రలు తెచ్చిన చలిమిడి

పంతొమ్మిది వందల ఎనభైల్లో నాకు కీళ్ళవాతం వచ్చినప్పుడు, మాచర్లలో మా ఇంట్లో నాకంటే ఎక్కువ విసుక్కున్నది మా అత్త. నా వేళ్ళు వాచి పిడికిలి ముడుచుకోకపోయేసరికి వంటిల్లు మళ్ళీ ఆమె నెత్తిన పడింది మరి. నరసరావుపేట డాక్టరు చిన్న తెల్ల మాత్రలు రాసిచ్చి, "నొప్పి తగ్గింది గదా అని మధ్యలో మానేస్తే మంచాన పడతావమ్మా. తగ్గించేటప్పుడు నేనే మెల్లగా తగ్గిస్తా" అని గట్టిగా చెప్పాడు. ముఖం ఉబ్బుతుందని, ఆకలి పెరుగుతుందని కూడా చెప్పే ఉంటాడు. నొప్పితో అల్లాడేవాళ్ళకి అవన్నీ చెవికెక్కుతాయా!

వారం తిరక్కుండా మళ్ళీ రోటి దగ్గర కూర్చుని గోంగూర పచ్చడి నూరాను. నూరినదంతా నేనే తిన్నాను. అదేం ఆకలో గానీ, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూనే ఇంకా ఏమున్నాయా అని గిన్నెల మూతలు తీసేదాన్ని. నెలలు గడిచేకొద్దీ ముఖం గుండ్రంగా నిండింది, పొట్ట ముందుకొచ్చింది, నెలసరి ఆగిపోయింది. కోపం కూడా ఆ మాత్రల వల్లేనని నేనంటే, అది పెళ్ళినాటి నుంచీ ఉందని మా ఆయన.

పక్కింటి దర్జీ గారి భార్య నా జాకెట్లకు కుట్లు విప్పి వదులు చేసి పెట్టేది. ఒకరోజు ఆమె మా అత్త చెవిలో ఏదో ఊదింది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా నాకు పిల్లల్లేరు. ఇక అత్త కాలు నేల మీద నిలవలేదు. అయితే కడుపు మాట పైకి అంటే దిష్టి తగులుతుందని ఆమె భయం. అందుకని నన్నొక్క మాటా అడగలేదు, కాదని చెప్పే అవకాశం నాకూ రాలేదు. సందెవేళ ఎండుమిరపకాయలు తిప్పి నాకు దిష్టి తీస్తుంటే, ఈమెకు నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అనుకునేదాన్ని.

అంతలో మాత్రల డబ్బా మాయమైంది, డాక్టరు చీటీతో సహా. ఇల్లంతా వెతికాను. సిమెంటు లారీ తోలుకుని దాచేపల్లి నుంచి ఎటో పోయిన మా ఆయన్ని, ఇంట్లో లేకపోయినా తిట్టాను.

"మందులు మందులని ఏందే ఆ గోల? చానా మింగావు గానీ, కదలకుండా కూచో" అంది అత్త.

నొప్పి తిరిగొచ్చింది. మంచం దిగలేను, గ్లాసు ఎత్తలేను. ఏం తాగినా వాంతి. ఆ వాంతులు చూసి అత్త ఇంకా మురిసిపోయింది. నాకు మాత్రం భయం పట్టుకుంది, ఈ చేతులు ఇక పనికి రావేమోనని.

అప్పుడు బొల్లాపల్లి నుంచి మా అమ్మ వచ్చింది, అత్త కబురు పెట్టిందని. చేతిలో స్టీలు డబ్బా, దాన్నిండా చలిమిడి. ఐదో నెలలో కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటివాళ్ళు తెచ్చే చలిమిడి! అప్పటిగ్గానీ నాకు సంగతి అర్థం కాలేదు. నవ్వొచ్చింది. నవ్వితే భుజాలు నొప్పెట్టి ఏడుపొచ్చింది.

"అత్తా, నేను కడుపుతో లేను. ఇదంతా ఆ మాత్రల వాపు."

"మరి నెల తప్పిందిగా?"

"అదీ వాటివల్లే అయ్యుంటది."

అమ్మ డబ్బాకు మూత పెట్టేసింది. తప్పు నాది కాకపోయినా అత్త ముఖం చూడలేకపోయాను. ఆమె లేచి, బియ్యం బానలో మోచేతి దాకా చెయ్యి పెట్టి మాత్రలు తీసింది. నా వేళ్ళు పట్టుకోలేవని తానే నోట్లో వేసి నీళ్ళు తాగించింది.

"బిడ్డకేమన్నా అవుద్దని దాచానే. నిన్ను మంచాన పడేశా గదే" అని ఏడ్చింది. ఏడుస్తూనే మా అమ్మ మీద కసిరింది. "మూత ఎందుకు పెట్టావు వదినా? తియ్యి. తింటది."

ఆ మధ్యాహ్నమే నన్ను నరసరావుపేట బస్సెక్కించింది. ముందు సీటావిడ వెనక్కి తిరిగి నా పొట్టకేసి చూసి, "ఎన్నో నెలమ్మా?" అంది. నేను తల దించుకున్నాను.

"నెలలేంది? మా కోడలికి కీళ్ళవాతం, మందులకి ఒళ్ళొచ్చింది" అంది అత్త, బస్సంతా వినబడేట్టు. "నువ్వు ముందుకి తిరిగి కూచో."