ఆరు వారాలు మేం చెప్పింది తప్పు

నేను రాసిన కాగితం చదవనని నా మొహం మీదే చెప్పిన మనిషి ఇప్పటివరకూ ఒక్కరే. మా ఆరోగ్య కార్యాలయంలో అందరూ ఆయన్ని మైకు బాబాయ్ అంటారు.

ముప్పై ఏళ్ళుగా ఆయనకు ఒకటే పని. చిన్న వ్యాను పైన రెండు స్పీకర్లు కట్టుకుని, మనిషి నడకంత నెమ్మదిగా నడుపుతూ వీధివీధికీ కబురు చెప్పడం. నీళ్ళు రాని రోజులు, కరెంటు పోయే గంటలు, తప్పిపోయిన పిల్లలు, కొత్తగా తెరిచిన చెప్పుల దుకాణం, ఏదైనా సరే జనానికి ఆయన గొంతులోంచే తెలిసేది. గొంతు గొప్పదేం కాదు, కాస్త బొంగురు. కానీ మహా పట్టుదల మనిషి. ఒకసారి నీళ్ళు ఆరింటికి వస్తాయని చెప్పి వచ్చాక, సరఫరా వాళ్ళు దాన్ని ఎనిమిదింటికి మార్చారు. ఇంకొకరైతే కొత్త సమయం చెప్పి చేతులు దులుపుకునేవారు. ఈయన మళ్ళీ మొదటి వీధి నుంచి మొదలుపెట్టి, "పొద్దున నేను ఆరింటికని చెప్పాను. అది తప్పు. ఎనిమిదింటికి" అంటూ పదకొండు వీధులూ తిరిగాడు. అందుకే ఆయన బండి వస్తే జనం కుళాయి కట్టేసి మరీ వినేవాళ్ళు.

కొత్త జబ్బు వచ్చిన రోజుల్లో సూచనలు రాసే పని నాకు పడింది. పరిశోధకులు పంపే నివేదికలు చదివి, వాటి సారాన్ని పది మామూలు వాక్యాల్లోకి దించాలి. మొదటి కాగితంలో, చేతులు సబ్బుతో కడుక్కోండి, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉంచండి, దగ్గూ జ్వరమూ ఉన్నవాళ్ళు మాత్రమే మాస్కు కట్టుకోండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అక్కర్లేదు అని రాశాను. బాబాయ్ దాన్ని రోజుకు రెండు పూటలా ఆరు వారాలు చదివాడు.

ఆ తర్వాత కొత్త నివేదికలు వచ్చాయి. జ్వరమూ దగ్గూ మొదలుకాకముందే వైరస్ ఒకరి నుంచి ఒకరికి అంటుతోందని, కిటికీలు మూసిన గదుల్లో గాలిలోనే నిలిచి ఉంటోందని తేలింది. కొత్త కాగితం రాశాను. అందరూ మాస్కు కట్టుకోండి, కిటికీలు తెరవండి. ముచ్చటైన కాగితం. పాతదాని ఊసే ఎత్తలేదు. అది నా తెలివితేటలనుకున్నాను.

బాబాయ్ నా బల్ల ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. మడిచి నా ముందే పెట్టేశాడు.

"ఇది చదవనమ్మా."

"ఏం బాబాయ్, అక్షరాలు చిన్నవయ్యాయా?"

"అక్షరాలు బాగానే ఉన్నాయి. ముందు చెప్పింది తప్పని ఇందులో ఎక్కడుంది?"

మా అధికారి పక్క గదిలోంచి విని బయటికి వచ్చాడు. "తప్పేముందయ్యా అందులో? అప్పటికి తెలిసింది అంతే. ఇప్పుడు ఇంకాస్త తెలిసింది."

"అయితే ఆ ముక్కే రాయించండి సార్. అదే చదువుతాను."

అధికారి ఒంటికాలి మీద లేచాడు. మన తప్పు మనమే చాటుకుంటే రేపు మన మాట ఎవడు వింటాడన్నాడు. నేను కాగితంలో ఒక్క ముక్కా మార్చలేదు. మర్నాటి నుంచి మైకు ఇంకొకతని చేతికి వెళ్ళింది. గొంతు మాత్రం ఖంగుమనేది.

నేను నోట్‌బుక్ పట్టుకుని అతని బండి వెనకాలే నడిచాను. నాలుగు వీధుల్లో నూట నలభై మంది ఎదురయ్యారు. మాస్కు కట్టుకున్నవాళ్ళు పందొమ్మిది మంది. కూరగాయలమ్మే ఆవిడ నన్ను పట్టుకుని కడిగేసింది. "అక్కర్లేదు అక్కర్లేదని ఆరు వారాలు ఊదరగొట్టారు. ఇప్పుడు కట్టుకోమంటారు. రేపేం చెప్తారు, విప్పమనా?" నోట్‌బుక్‌లో ఆ రెండు అంకెలూ రాసుకుని వచ్చేశాను.

బాబాయ్‌కి ఇంకో బెంగ ఉంది. ఆయన అక్క ఒక కుట్టు గది నడుపుతుంది. పద్నాలుగు మిషన్లు, పద్నాలుగు మంది ఆడవాళ్ళు. ఆసుపత్రులకు దిండు గలీబులు కుడతారు కాబట్టి అన్నీ మూతపడినా ఆ గది మూయలేదు. తెల్లగుడ్డ మీద వీధి దుమ్ము పడుతుందని కిటికీలు ఎప్పుడూ బిగించే ఉంచేది. మొదట్లో ముగ్గురు ముక్కుకు గుడ్డ కట్టుకుని వస్తే, "మా తమ్ముడు అక్కర్లేదన్నాడు, విన్లేదూ?" అని ఆవిడే విప్పించింది. ఇప్పుడు జబ్బు వెనక వీధి దాకా వచ్చింది. బాబాయ్ వెళ్ళి కిటికీలు తెరవమని, అందరి చేతా మాస్కులు కట్టించమని అక్కను బతిమాలాడు.

"వద్దన్నది నువ్వేగా?"

"తప్పేనక్కా. నాకు రాసిచ్చినవాళ్ళకే అప్పటికి తెలీదు."

"నా ఒక్కదాని చెవిలో ఊదితే ఎలారా? వాళ్ళ చేత విప్పించింది నేను. మళ్ళీ నేనే కట్టుకోమంటే నవ్వరూ? వద్దని మైకులో చెప్పావు, కావాలని కూడా మైకులోనే చెప్పు."

ఈ సంగతి చెబుతూ బాబాయ్ నవ్వాడు. "మా అక్కది ఉడుంపట్టు. కానీ ఏం చెయ్యను, ఆవిడ చెప్పిందీ న్యాయమే" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగు రోజులు తిరక్కుండానే ఆ గదిలో గలీబులకు కాజాలు కుట్టే ఆవిడకు జ్వరం వచ్చింది. ఇంకో రెండు రోజులకు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి విప్పేసిన ముగ్గురిలో ఆవిడ ఒకతె. ఆవిడ బతికింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు దానికోసమే చదువుతారు. అప్పటికి మాత్రం అది మాకెవరికీ తెలియదు. మిగతా పదమూడు మందినీ పది రోజులు ఇల్లు కదలొద్దన్నారు. పదకొండో రోజు సోమవారం. ఆసుపత్రికి గలీబులు కావాలి, కాబట్టి గది మళ్ళీ తెరుచుకుంటుంది. అవే మూసిన కిటికీలు, అవే ఉత్త మొహాలు. ఇంకెవరు పడతారోనని బాబాయ్‌కి తిండి సయించడం లేదు.

శుక్రవారం పొద్దున్నే అధికారి గదిలోకి వెళ్ళాను. కూర్చోమనకముందే కూర్చున్నాను.

"తప్పని రాయాలి సార్."

"మన మాట పోతుందని చెప్పానా లేదా?"

"పోయిందిగా సార్. ఇదిగో లెక్క." నోట్‌బుక్ తెరిచి ఆయన ముందు పెట్టాను. "ఇంతకంటే ఏం పోతుంది?"

ఆయన ఆ రెండు అంకెల కింద వేలు పెట్టి చదివాడు. చెడ్డవాడేం కాదు, భయస్థుడు. "నీ సంతకంతో రాసుకో. పైనుంచి ఎవరైనా అడిగితే జవాబు నువ్వే చెప్పుకోవాలి" అన్నాడు.

చెప్పుకుంటానన్నాను. కాగితం రాసి, కింద సంతకం పెట్టాను.

"ఆరు వారాలు మేం చెప్పింది తప్పు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మాస్కు అక్కర్లేదన్నాం. జ్వరం రాకముందే జబ్బు అంటుతుందని అప్పటికి మాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. అందరూ కట్టుకోండి. కిటికీలు తెరవండి. రేపు మరేదైనా తేలితే, అది కూడా మేమే వచ్చి చెబుతాం."

మైకు మళ్ళీ బాబాయ్ చేతికి వచ్చేసరికి సోమవారం పొద్దునైంది. ఆయన కాగితం ఒక్కసారే చదివాడు. "ఇప్పుడు నోరు తిరుగుతుంది" అని, వ్యాను తలుపు తీసి పట్టుకున్నాడు. "మీరూ ఎక్కండమ్మా. రాసిందెవరో కూడా జనం చూడాలిగా."

ఎనిమిదింటికి బయల్దేరాం, ఇద్దరికీ మాస్కులు, వ్యాను అద్దాలు దించి. కుట్టు గది ముందు బండి ఆపి ఆయన కాగితమంతా చదివాడు. కిటికీ రెక్క ఒకటి తెరుచుకుని, అక్క తల బయటికి వచ్చింది.

"ఇంకోసారి చెప్పరా! మిషన్ల మోతలో వినపడలేదు."

మిషన్లు ఇంకా మొదలే కాలేదు. అయినా ఆయన బుద్ధిగా మళ్ళీ చదివాడు. ఆవిడ లోపలికి తిరిగి, "విన్నారుగా" అని, గలీబుల గుడ్డతో కుట్టి దాచుకున్న మాస్కుల కట్ట విప్పింది. తర్వాత కిటికీలన్నీ ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాబాయ్ మాత్రం గేరు వేశాడు.

ఇంకో మూడు వీధుల తర్వాత కాజాలు కుట్టే ఆవిడ ఇల్లు. అక్కడ ఆయన మైకు కట్టేసి దిగాడు. గుమ్మంలో ఆవిడ భర్త, చంకలో పాప. బాబాయ్ దూరంగానే నిలబడ్డాడు.

"మీ ఆవిడ ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పింది నా మాట విని" అన్నాడు. "అది తప్పని చెప్పిపోదామని వచ్చాను."

అతను కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"నాకు తెలిసింది కదండీ" అన్నాడు. పక్కింటి గోడ వైపు చెయ్యి చూపించాడు. "అటు ఆరుగురున్నారు. ఒక్కరూ కట్టుకోవడం లేదు. ఇక్కడికొచ్చి మైకెందుకు ఆపేశారు?"

బాబాయ్ తిరిగొచ్చి మైకు అందుకున్నాడు. స్పీకర్లలో ఆయన ఊపిరి మాత్రం వినిపించింది.

ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"మొదటి కాగితం రాసింది నేను" అన్నాను. నా గొంతు పీలగా, ఎవరిదో అన్నట్టు వినిపించింది. "ఆరు వారాలు మేం చెప్పింది తప్పు."

"గట్టిగా" అన్నాడతను గుమ్మంలోంచి, పాపను ఇంకో చంకకు మార్చుకుంటూ. "వాళ్ళకి వినపడాలి. ఇంకా గట్టిగా చదవండి."

నేను మళ్ళీ మొదటి నుంచి చదివాను.