కసీల్డా ఊడ్చిన దారి

ఒరిసాబా కొండ కింద చెరకు మిల్లు దొరగారి వాకిలిని కసీల్డా బానిసగా పంతొమ్మిదేళ్లు ఊడ్చింది. ఒక్క ఆకు కనబడినా దొరసాని చేతికి బెత్తం వచ్చేది. ఒకరోజు పొద్దున్నే సగం వాకిలి ఊడ్చి, చేతిలో చీపురుతోనే కొండెక్కేసింది. మిగతా సగం ఎవరు ఊడ్చారో ఆమెకు తెలియదు.

పైన, పారిపోయిన బానిసలు కంచె కట్టుకుని బతికే పలెంకెలో, పెద్ద అంతోన్ ఆమెను ఎగాదిగా చూశాడు.

"నీకేం పని వచ్చమ్మా?"

"ఊడవడం."

"ఇంకా?"

"బాగా ఊడవడం."

నీళ్లకీ ఉప్పుకీ కిందికి దిగి తిరిగొచ్చేవాళ్ల అడుగుజాడలు చెరిపే పని ఆమెకిచ్చారు. సిపాయిలకు దారి తెలియకపోవడం వల్లే ఆ ఊరు బతికి ఉంది.

వారం తిరక్కుండా, చెట్టెక్కి కాపలా కాసే లొరెంసో దిగి వచ్చాడు.

"అక్కా, అడుగులు చెరపమంటే అడివినే చెరిపేశావేంటి? వాగు దగ్గర్నుంచి మన గుమ్మందాకా ఒక్క ఆకు లేదు. పైనుంచి చూస్తే తెల్లగా కనబడుతోంది. దొరగారు పల్లకీలో రావడమే తక్కువ."

"వస్తున్నారా?" అంది కసీల్డా.

"పల్లకీ లేదుగానీ తుపాకులున్నాయి. అరవైమంది. రేపు మధ్యాహ్నానికి వాగు దగ్గరుంటారు."

అంతోన్ మూటలు కట్టమన్నాడు. మూడేళ్లలో అది వాళ్లకు నాలుగో ఊరు. మొక్కజొన్న కంకులు అప్పుడే పాలు పోసుకుంటున్నాయి. వదిలేసి పోతే పిల్లలకు పస్తులే. కసీల్డాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదే. దొరసాని ఇంకా నా చేతుల్లోనే ఉంది," అంది. "బుట్టలెన్ని ఉన్నాయి?" అని అడిగింది.

పొద్దు వాలేలోగా ఊరంతా బుట్టలతో ఎండుటాకులు మోసి పాత దారి మీద పరిచింది. మర్నాడు తెల్లవారగానే కసీల్డా ఒక్కతే వాగు దగ్గర్నుంచి రెండో వైపుకు, పచ్చగడ్డి కప్పేసిన ఊబి అంచుదాకా ఊడ్చుకుంటూ పోయింది. పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ అంత బాగా ఊడవలేదు.

ఆ దారి చూసి ఆఫీసరు "పద్ధతైన ఊరే" అన్నాడట, చెట్టు మీద లొరెంసో విన్నాడు. సిపాయిలు వరసగా ఆ దారినే నడిచి వరసగా ఊబిలో దిగారు. గుండెల్దాకా బురద, మందుగుండు తడిసిపోయింది. గట్టు మీద అంతోన్ మనుషులు విల్లులు పట్టుకుని నిలబడ్డారు. తుపాకులూ బూట్లూ అక్కడే వదిలి అరవైమందీ వెనక్కి వెళ్లారు. కంకులు ముదిరాక అందరూ కాల్చుకు తిన్నారు.

ఆ తర్వాత కసీల్డా తన గుడిసె ముందు ఏనాడూ ఊడవలేదు. ఆకులు మోకాలిదాకా పేరుకున్నాయి. పాములొస్తాయని అంతోన్ అంటే, "రానీ, నా వాకిలికేగా," అంది.

ఒక ఏడాది అదే మిల్లు నుంచి ఫెలీపా అనే ఆమె పారిపోయి వచ్చి ఆ గుడిసెలో దిగింది. మొదటిరోజు పొద్దున్నే లేచి, ఎవరూ చెప్పకుండానే చీపురు వెతికి వాకిలి ఊడవబోయింది.

కసీల్డా వచ్చి ఆమె చేతిలోంచి చీపురు మెల్లగా తీసుకుంది.

"కూర్చోవే," అంది. "ఇంకా నిద్ర ఉంటే పడుకో."

ఫెలీపా ఆకుల్లోనే కూలబడి ఏడ్చింది. కసీల్డా కూడా పక్కనే కూర్చుంది.