జేబులో నిమ్మకాయ

కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూచే దడువాయి వీరస్వామి చేతిలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉంటుంది. చాయ్ తాగే వేళ దాన్ని వేళ్ల మధ్య పట్టి, మణికట్టు తిప్పుతూ క్రికెట్ స్పిన్ బౌలర్ల మీద తీర్పు చెబుతాడు. "మురళి ఎనిమిది వందల వికెట్లు తీసిండు, కాదంటలేను. గని బంతిని వార్న్ లెక్క తిప్పినోడు ఇంక పుట్టలే. మన కుంబ్లే మూడోడు." పదేళ్లుగా ఆ మాటకు ఎదురులేదు.

మొన్న అమావాస్యకు యార్డు సెలవు. హమాలీలు సిమెంటు గచ్చు మీద ఆట పెట్టారు. తండా నుంచి పనికొచ్చే మోతీ వేసిన బంతి బ్యాటు పట్టుకున్న వీరస్వామి కాళ్ల వెనక పడి, గిర్రున తిరిగి, వికెట్లుగా పెట్టిన నూనె డబ్బాను ఠంగుమనిపించింది. అందరూ మోతీని భుజాలకెత్తుకున్నారు. ఇంటి వెనక గోడకేసి వీరస్వామి ఇన్నేళ్లుగా విసిరిన బంతుల్లో ఒక్కటీ అలా తిరగలేదు. బ్యాటు గచ్చు మీద విసిరికొట్టాడు. "ఎవలు నేర్పిండ్రురా నీకు?" అన్నాడు. "నువ్వే గదనే అన్నా! రోజూ చాయ్ కాడ నీ వేళ్లే చూస్తుంట," అంటూ మోతీ నవ్వుతూ దండం పెట్టాడు. మర్నాడు చాయ్ దగ్గర వీరస్వామి అదే తీర్పు చెప్పాడు. నిమ్మకాయ తిప్పే చెయ్యి మాత్రం జేబులోంచి బయటికి తీయలేదు.